లినక్స్ డెస్క్‌టాప్‌పై బ్రౌజర్ల వేగం పోలిక

బ్రౌజర్ వేగం ఒక్క కొలతకు లొంగేది కాదు. బ్రౌజర్ తెరుచుకునే సమయం, పేజీ కంటికి కనబడే సమయం, జావాస్క్రిప్ట్ నడిచే తీరు, స్క్రోల్ చేసేటప్పుడు తెర తడబడకపోవడం, ఎన్ని ట్యాబులు తెరిచినా మెమరీ చాలడం, ఇవన్నీ వేగం కిందికే వస్తాయి. ఒకదాంట్లో ముందున్న బ్రౌజర్ మరోదాంట్లో వెనకబడవచ్చు. లినక్స్‌పై ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. ఒకే ఫైర్‌ఫాక్స్ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీగా, స్నాప్‌గా, ఫ్లాట్‌ప్యాక్‌గా, మొజిల్లా నేరుగా ఇచ్చే కట్టగా దొరుకుతుంది. తెర వెనుక పనిచేసేది ఎక్స్11 కావచ్చు, వేలాండ్ కావచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్లూ రకరకాలు. అందుకే ఈ వేదికపై ‘ఏ బ్రౌజర్ వేగంగా ఉంది’ అన్న ప్రశ్నకు దొరికే జవాబు చాలాసార్లు బ్రౌజర్ గురించి కాక, దాన్ని అమర్చిన పద్ధతి గురించి చెబుతుంది.

ఇందుకు బలమైన సాక్ష్యం ఉబుంటు 22.04. 2022 ఏప్రిల్‌లో విడుదలైన ఈ వెర్షన్ ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్ రూపంలోనే అందించింది. కంప్యూటర్ ఆన్ చేశాక మొదటిసారి బ్రౌజర్ తెరవడానికి చాలా సమయం పడుతోందని వాడుకరులు ఫిర్యాదు చేశారు. స్నాప్‌లోని ఫైళ్లు కుదించిన రూపంలో ఉంటాయి, వాటిని విప్పుకుంటూ చదవాలి. ఉబుంటును రూపొందించే కెనానికల్ ఆ కుదింపు పద్ధతిని మార్చాక తెరుచుకునే సమయం తగ్గింది. ఈ మార్పు పేజీలను గీసే గెకో ఇంజిన్‌ను ముట్టుకోనేలేదు. పైగా రెండోసారి తెరిచేటప్పటికి ఫైళ్లు కెర్నెల్ పేజ్ క్యాష్‌లో సిద్ధంగా ఉంటాయి కాబట్టి తేడా బాగా తగ్గుతుంది. మొదటి ప్రారంభాన్నీ రెండో ప్రారంభాన్నీ విడివిడిగా నమోదు చేయని పరీక్షకు విలువ లేదు.

వీడియో సంగతీ ఇంతే. గ్రాఫిక్స్ చిప్‌తో వీడియోను విప్పే వీఏ-ఏపీఐ సదుపాయం ఫైర్‌ఫాక్స్‌లో 2020లో ముందు వేలాండ్‌కు, తర్వాత ఎక్స్11కు వచ్చింది. అయినా ఇంటెల్ చిప్‌లపై అది దానంతటదే పనిచేయడం 2023లో, 115వ వెర్షన్‌తో మొదలైంది. ఈ సదుపాయం ఉన్నా లేకున్నా వీడియో ఆడుతుంది. లేనప్పుడు ఆ భారమంతా ప్రాసెసర్ మోస్తుంది, ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఏ జావాస్క్రిప్ట్ పరీక్షా దీన్ని పట్టించుకోదు.

మరి పేరున్న బెంచ్‌మార్కులు ఉన్నాయి కదా, వాటి అంకె చాలదా? వాటి చరిత్రే జాగ్రత్త నేర్పుతుంది. సఫారీ ఇంజిన్ అయిన వెబ్‌కిట్ బృందం 2007లో తెచ్చిన సన్‌స్పైడర్‌కు కొన్నేళ్లలోనే కాలం చెల్లింది. గూగుల్ 2012లో తెచ్చిన ఆక్టేన్‌ను క్రోమ్ జావాస్క్రిప్ట్ ఇంజిన్ వీ8ను రూపొందించే బృందమే 2017లో విరమించింది. ఇంజిన్లు ఆ పరీక్షకు తగ్గట్టు మలచబడుతున్నాయనీ, ఆ మెరుగుదల అసలు వెబ్‌సైట్లలో కనబడడం లేదనీ వారే వివరించారు. 2024 మార్చిలో వచ్చిన స్పీడోమీటర్ 3 వీటికన్నా మెరుగైనది. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి దాన్ని రూపొందించాయి కాబట్టి ఒకరి ఇంజిన్‌కు అనుకూలంగా ఒరిగే అవకాశం తక్కువ. అయినా అది కొలిచేది వెబ్ అప్లికేషన్లు స్పందించే వేగాన్ని మాత్రమే. ప్రారంభ సమయం, నెట్‌వర్క్, మెమరీ దాని పరిధిలో లేవు.

వాడుకరికి కావలసింది మొత్తం అనుభవమే, ఇంజిన్‌ను విడదీసి కొలవడం ఎందుకన్న అభ్యంతరం సబబైనదే. ఉబుంటులో స్నాప్ నెమ్మదిగా తెరుచుకుంటే ఆ ఆలస్యం నిజమైనదే, దాన్ని దాచకూడదు. కానీ దాన్ని బ్రౌజర్ లోపంగా రాస్తే వాడుకరి బ్రౌజర్‌నే మార్చేస్తాడు, ప్యాకేజీ మారిస్తే సరిపోయేదని అతనికి తెలియదు. కాబట్టి పోలికలో డిస్ట్రిబ్యూషన్, ప్యాకేజీ రకం, ఎక్స్11 లేదా వేలాండ్, డ్రైవర్, ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే గవర్నర్ అమరిక చెప్పితీరాలి. ‘పవర్‌సేవ్’లో ఒకదాన్నీ ‘పర్ఫార్మెన్స్’లో మరొకదాన్నీ నడిపి పోల్చడం అన్యాయం. వరుసగా నడిపితే వేడెక్కిన ప్రాసెసర్ తర్వాతి బ్రౌజర్‌ను వెనక్కి లాగుతుంది. అందుకే బ్రౌజర్లను మార్చి మార్చి పలుసార్లు నడపాలి.

మెమరీ లెక్కలో తరచూ జరిగే పొరపాటు మరొకటి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ పనిని అనేక ప్రాసెస్‌ల మధ్య పంచుతాయి. ప్రతి ప్రాసెస్ ర్యామ్‌లో ఆక్రమించిన మొత్తాన్ని చూపే ఆర్‌ఎస్‌ఎస్ అంకెను కూడితే, అవి ఉమ్మడిగా వాడే మెమరీ పదేపదే లెక్కలోకి వచ్చి మొత్తం ఉబ్బిపోతుంది. ఉమ్మడి భాగాన్ని ప్రాసెస్‌ల మధ్య పంచి చూపే పీఎస్‌ఎస్‌ను లినక్స్ కెర్నెల్ స్వయంగా ఇస్తుంది. కూడవలసింది ఆ అంకెలనే.