ఎడమ కాలికి సెలవిచ్చిన నూనె

సదాశివనగర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన చాయ్ తాగుతూ పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. ఏ బండి ఎట్లా పోతోందో చెవికే తెలిసిపోతుంది. అడ్లూర్ ఎల్లారెడ్డి చక్కెర ఫ్యాక్టరీకి చెరకు మోసే ట్రాక్టర్ ఒకే గేరులో మూలుగుతూ పోతుంది. ఆర్టీసీ బస్సు స్టేజీలో జనాన్ని దింపి, ఫస్టు, సెకండు, థర్డు అంటూ మెట్లెక్కుతున్నట్టు గొంతు మారుస్తుంది. నాగపూర్ నుంచి దిగే లారీ దూరం నుంచే గేరు తగ్గించుకుంటూ వస్తుంది. వీటి మధ్య నుంచి ఒక కారు మాత్రం మెట్లూ మలుపులూ లేకుండా ఒకే శ్వాసలో జారిపోతుంది. అది ఆటోమేటిక్.

గేరు పడ్డ చప్పుడు వినపడకపోవడం సుఖమే. కానీ ఈ దారిలో డ్రైవర్లు తరాల పాటు బండి జబ్బును కనిపెట్టింది ఆ చప్పుడుతోనే. అది పోయాక జబ్బు తెలిసేదెట్లా? ఆటోమేటిక్ గేర్‌బాక్సు చరిత్ర మొత్తంలో ఉన్న చిక్కు ఇదే.

రైలు శాఖ నడిపిన బస్సులు

ఆ చప్పుడు వినే విద్య పాత బస్సుల నాటిది. మన దగ్గర సర్కారు బస్సు మొదలైంది రైల్వే కింద. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది. ఆనాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లాండ్ నుంచి వచ్చాయి. వాటిలో ఒకటి హైదరాబాద్ బస్‌భవన్‌లో జ్ఞాపకంగా నిలిచింది. ఆ శాఖే 1951లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి, 1958 జనవరి 11న ఏర్పడ్డ ఆర్టీసీ చేతికి వచ్చింది.

ఆ కాలపు బండ్ల గేర్లలో చక్రాల వేగాన్ని తానే కుదిర్చే సింక్రోమెష్ ఉండేది కాదు. రెండు పళ్ల చక్రాల వేగం కుదిరితేనే గేరు పడుతుంది, లేదంటే గరగరమని అరుస్తుంది. అందుకే ‘డబుల్ క్లచ్’ విద్య పుట్టింది. క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌కు తేవాలి, వదిలి ఇంజన్ వేగం సరిచూడాలి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. పాత లారీ డ్రైవర్ల ఎడమ కాలు ఈ పనిని రోజుకు వందలసార్లు చేసేది. గేరు అరవకుండా వేసినవాడే ఉస్తాద్. క్లీనర్ స్టీరింగ్ పట్టడానికి ముందు చెవి తయారు చేసుకోవాల్సి వచ్చేది.

కుండా కవ్వమూ

ఎడమ కాలి బరువు దించాలన్న ఆలోచన అమెరికాలో ఒకే మనిషి చేతి మీదుగా రెండు మెట్లు ఎక్కింది. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు రూపొందించిన సింక్రోమెష్ 1928లో క్యాడిలాక్ కార్లలోకి వచ్చింది. గేరు అరుపు తగ్గింది గానీ క్లచ్ తొక్కడం పోలేదు. తర్వాత జనరల్ మోటార్స్‌లో ఆయన బృందమే హైడ్రామాటిక్‌ను తయారు చేసింది. 1939 చివర్లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో 57 డాలర్లు అదనంగా కడితే అది దొరికేది. క్లచ్ పెడల్ లేని నాలుగు గేర్ల బండి అట్లా బజారుకొచ్చింది.

క్లచ్ పని చేసింది నూనె. దీని మూలసూత్రం కోసం 1905లోనే జర్మనీలో హెర్మన్ ఫాటింగర్ పేటెంటు తీసుకున్నాడు. ఆయన దృష్టి కార్ల మీద లేదు, ఓడల మీద ఉంది. సూత్రం మన వంటింట్లోదే. కుండలో కవ్వం వేసి మజ్జిగ చిలికితే, కవ్వం తగలకపోయినా కుండ కూడా తిరగబోతుంది. అందుకే కాళ్ల మధ్య గట్టిగా అదిమి పట్టుకుంటారు. ఇక్కడ ఇంజన్ కవ్వమైతే, గేర్‌బాక్సు వైపు చక్రం కుండ. మధ్యలో మజ్జిగకు బదులు నూనె. బండి ఆగి ఉంటే నూనె జారిపోతుంది, ఇంజన్ ఆగదు. యాక్సిలరేటర్ తొక్కితే నూనె తోపుకు కుండ తిరుగుతుంది. 1948లో బ్యూయిక్ డైనాఫ్లోతో కార్లలో ఈ ఏర్పాటు టార్క్ కన్వర్టర్‌గా మారి, తిప్పే బలాన్ని పెంచే పని కూడా నేర్చింది.

అంటే ఎడమ కాలి చాకిరీ మాయం కాలేదు, నూనె నెత్తికెక్కింది. ఆ నూనె కుండను తిప్పడంతో పాటు, వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లో ఒత్తిడిగా పారి ఏ గేరు పడాలో నడిపిస్తుంది. లోపలి క్లచ్ ప్లేట్లను పట్టిస్తుంది, పళ్ల చక్రాలను తడుపుతుంది, వేడిని మోసుకుపోతుంది. ఇన్ని పనులు ఒక్క నూనెకు అప్పగించడం వల్లే దాని ఆరోగ్యం గేర్‌బాక్సు ఆయుష్షయింది.

తిమింగలం లేని నూనె

ఈ సంగతి అమెరికాకు 1970లలో అనుభవంలోకి వచ్చింది. గేరు మెత్తగా పడటానికి ఆటోమేటిక్ నూనెల్లో స్పెర్మ్ తిమింగలం తల నుంచి తీసిన నూనె కలిపేవారు. వేడికి తట్టుకుంటూ, క్లచ్ ప్లేట్లు జర్క్ లేకుండా పట్టుకునేలా చేయడంలో దానికి సాటి లేదు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. ఆ నూనె వాడకం ఆగిపోయింది. తొందరగా తెచ్చిన మారు నూనెలు కొన్ని కూలర్ గొట్టాల అతుకులను తినేయడంతో 1970ల నడుమ ఫార్ములాను మళ్లీ మార్చాల్సి వచ్చింది. ఇనుములో మార్పు లేదు, డిజైన్‌లో మార్పు లేదు, నూనెలోని ఒక్క పాలు మారింది. గేర్‌బాక్సులు మూలపడ్డాయి.

వేడి దేశాలకు ఇంకో పాఠం 2013లో అందింది. ఫోక్స్‌వ్యాగన్ తన ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల) బాక్సులున్న దాదాపు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి, లోపలి సింథటిక్ నూనె తీసి మినరల్ నూనె పోసింది. వేడి, తేమ ఎక్కువున్న చోట ఆ సింథటిక్ నూనె కరెంటు భాగాల్లో షార్ట్ సర్క్యూట్‌కు దారితీయగలదని తేలింది. డబ్బా మీద రాసిన నంబరును అక్షరం తప్పకుండా చూడమని కంపెనీ పుస్తకాలు చెప్పేది ఇందుకే.

దుబాయ్ నుంచి దిగిన అలవాటు

మన ఊళ్లకు ఆటోమేటిక్ అలవాటు షోరూమ్ కన్నా ముందు విమానంలో వచ్చింది. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో డ్రైవర్లు కొల్లలు. అక్కడ క్లచ్ లేని కారే మామూలు కారు. దుబాయ్ లైసెన్సుల్లోనే ఆటోమేటిక్, మాన్యువల్ అని వేరు వేరు. ఇంటికొచ్చి మళ్లీ పాత జీపు ఎక్కితే ఎడమ కాలు వెతుక్కోవాల్సి వచ్చేదట.

ఇక్కడ దాన్ని మధ్యతరగతికి అందించింది 2014 ఫిబ్రవరిలో మారుతి సెలేరియోతో వచ్చిన ఏఎంటీ. ఒక సంగతి మరవొద్దు. ఏఎంటీలో ఉన్నది మామూలు గేర్‌బాక్సే. మన కాలికి బదులు ఒక యంత్రం క్లచ్ తొక్కుతుంది, అంతే. అందుకని మామూలు కారులాగే క్లచ్ ప్లేటు అరుగుతుంది. ఎత్తు మీద బ్రేకు వదిలి యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే కాలుతుంది. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీది వేరే దారి, ఆ బెల్టుకు వేరే నూనె. టార్క్ కన్వర్టర్ వేరు, డ్యూయల్ క్లచ్ వేరు. నాలుగింటినీ ‘ఆటోమేటిక్’ అనే ఒక్క పేరుతో పిలిచి, షెడ్డులో ఉన్న ఎర్ర నూనె ఏదో పోయిస్తే అక్కడే నష్టం మొదలవుతుంది.

డిపో నేర్పిన లెక్క

కొన్ని కార్ల పుస్తకాల్లో గేర్ నూనె ‘జీవితాంతం’ పనికొస్తుందని ఉంటుంది. ఎవరి జీవితాంతమో రాయరు. ఆ బాక్సుల్లో ఎన్నింటినో తయారుచేసే జర్మనీ కంపెనీ జడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య నూనె మార్చమంటుంది. వేడి పెరిగేకొద్దీ నూనె వేగంగా పాడవుతుంది. సుమారుగా పది డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుందని లెక్క. మన మే నెల ఎండలో, ఏసీ వేసి, ఏడుగురిని ఎక్కించుకుని, ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోయే కారు జర్మనీ రోడ్డు మీది కారు కాదు. మనం ఆ లెక్కలో ముందు అంకె దగ్గరే ఆగాలి.

పాడవుతున్నా ఆటోమేటిక్ గేరు గట్టిగా అరవదు, గొణుగుతుంది. డీ (డ్రైవ్)లో వేశాక బండి కదలడానికి రెండు క్షణాలు పడుతుంటే, ఇంజన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే, నూనె నల్లబడి మాడు వాసన వస్తే వినిపించుకోవాలి. క్లచ్ ప్లేటు జారితే వేడి, వేడికి నూనె పాడు, పాడైన నూనెకు ప్లేటు ఇంకా జారుతుంది. బండి పూర్తిగా ఆగకుండా డీ నుంచి ఆర్ (రివర్సు)కు మార్చొద్దు. పద్మాజివాడి చౌరస్తా దాటాక కారు ఆగిపోతే తాడు కట్టి కామారెడ్డి దాకా ఈడ్చుకుపోవద్దు. ఇంజన్ తిరగకపోతే నూనె పంపు తిరగదు, లోపలి చక్రాలు ఎండుగా రాసుకుంటాయి. డ్రైవింగ్ చక్రాలు నేలకు తగలకుండా లేపి తీసుకుపోవాలి.

చెవికి అందని జబ్బును కాగితం మీద పట్టుకోవడం ఆర్టీసీకి మొదటి నుంచీ తెలిసిన పని. బస్సు డిపోకు రాగానే డ్రైవర్ లాగ్ షీటులో లోపాలు రాస్తాడు. మొరాయించినా మొరాయించకపోయినా రోజు, వారం, నెల లెక్కన మెకానిక్ చూసి తీరాలి. లక్షల కిలోమీటర్లు తిరిగే బస్సులను నిలబెట్టింది ఆ విసుగు పుట్టించే రాతే.

ఈసారి కామారెడ్డిలో సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కొనబోతే టైర్లూ రంగూ తర్వాత చూడొచ్చు. గేర్ నూనె ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ నంబరుది మార్చారో ముందు అడగండి. బిల్లు చూపిస్తే బేరం మొదలుపెట్టండి. “ఆటోమేటిక్‌కు అవన్నీ అక్కర్లేదన్నా” అని జవాబొస్తే, చాయ్ తాగి లేచి రండి.