మిషన్ ఎవరి చేతిలో ఉంది? సూది నుంచి ఎంబ్రాయిడరీ మిషన్ దాకా



సంగంలో, పెన్నా ఒడ్డు ఊళ్ళల్లో జాకెట్లు, లంగాలు కుట్టి పిల్లల్ని చదివించిన అమ్మలు, అక్కలు మన యానాది, ఎరుకల ఇళ్ళల్లో ఉన్నారు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ అనేసరికి వీళ్ళే "అది మావల్ల యాడవుతుంది" అని వెనక్కి తగ్గుతారు. అందుకే ఈ చరిత్ర చెప్పుకుందాం.

కచ్‌లో చెప్పులు కుట్టే మోచీలు తోలు కుట్టే కొక్కెం సూదితోనే గుడ్డ మీద గొలుసు కుట్టు వేశారు. ఆ బట్టలు గుజరాత్ రేవుల నుంచి యూరప్‌కి పోయాయి. ఇవాళ మగ్గం వర్క్‌లో వాడేది కూడా అలాంటి సూదే. 1830లో ఫ్రాన్స్ దర్జీ తిమొన్నియే పేటెంట్ తీసుకున్న కుట్టుమిషన్‌లోనూ కొక్కెం సూదే ఉంది, అదీ గొలుసు కుట్టే వేసింది. అంటే కుట్టుమిషన్‌కి దారి చూపించింది ఎంబ్రాయిడరీ సూదే!

కూలి పోతుందని భయపడిన పారిస్ దర్జీలు 1831లో తిమొన్నియే మిషన్లు పగలగొట్టారు. అయినా మిషన్లు ఆగలేదు. 1863లో స్విట్జర్లాండ్‌లో గ్రోబ్లి అనే ఆయన షటిల్‌తో నడిచే పెద్ద ఎంబ్రాయిడరీ మిషన్ కూడా తయారుచేశాడు.

ఆ దర్జీల భయం ఊరికే పుట్టింది కాదు. మన లంబాడీల సంగతే చూడండి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగినోళ్ళు. రోడ్లు, రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం పోయింది. రైల్లో వాళ్ళకి వాటా లేదు. పైగా 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టాల కింద చాలాచోట్ల దొంగలని ముద్ర వేశారు. మన యానాదులు, ఎరుకలు కూడా ఆ చట్టాల దెబ్బ తిన్నోళ్ళే.

మన పెన్నా తీరంలోనే పల్లిపాడు ఆశ్రమాన్ని 1921లో ప్రారంభించిన గాంధీ యంత్రాలని అంతగా విమర్శించి కూడా, 1924లో సింగర్ కుట్టుమిషన్‌ని మాత్రం మినహాయించాడు. అది ఇంట్లో మనిషి కష్టం తగ్గిస్తుందని ఆయన లెక్క.

ఇక పని సంగతి. కుట్టుమిషన్‌లో గుడ్డని మన చెయ్యి నడిపిస్తుంది. ఎంబ్రాయిడరీ మిషన్‌లో గుడ్డని ఫ్రేములో బిగిస్తే, ఆ ఫ్రేమునే మిషన్ అటూ ఇటూ జరుపుతుంది. చేతికి అలవాటైన పని మానుకోవడమే కొత్తవాళ్ళకి కష్టం. మిగతాదంతా పాత విద్యే. దారం బిగువు ఎంత ఉండాలి, ఏ గుడ్డకి ఏ సూది, ఏ గుడ్డ సాగుతుంది, కింద పేపర్ ఎక్కడ వెయ్యాలి అనేది ఏళ్ళ తరబడి కుట్టినోళ్ళకి చప్పున అర్థమవుతుంది. కంప్యూటర్‌లో డిజైన్ ఎక్కించడం మనలాంటి చదువుకునే పిల్లలం నేర్పొచ్చు.

ఇంకో మాట. కర్ణాటకలో సండూరు లంబాణీ ఆడవాళ్ళ చేతి కుట్టుకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిషన్ మీద అచ్చం అలాంటి డిజైన్ దింపి ఆ పేరుతో అమ్మడం కుదరదు. కాబట్టి చేతి కుట్టుని చేతి కుట్టుగానే కాపాడుకుందాం, మిషన్‌ని మిషన్‌గానే నేర్చుకుందాం. మిషన్ షావుకారుది, డిజైన్ ఇంకొకరిది అయితే మనకి మిగిలేది కూలే. ఆ రెండూ మన అమ్మలవి కావాలి.

ఇది ఇంట్లో అమ్మకి, అక్కకి చదివి వినిపించండి. వాళ్ళేమన్నారో కింద రాయండి.