ఇచ్చిపుచ్చుకున్న చరిత్ర మనది

అంగళ్లు అంటే దుకాణాలు. మదనపల్లె దగ్గర కురబలకోట మండలంలోని ఈ ఊరి పేరు వింటేనే ఇచ్చిపుచ్చుకోవడం గుర్తొస్తుంది. సుగాలీలమైన మన చరిత్ర కూడా అలాంటిదే. ఈ సంచిక చదివే యువతీ యువకులకు ఆ చరిత్రలో ఒక పాయను చెప్పాలని ఈ వ్యాసం.

ఈరోజు తండా అంటే మనం ఉండే పల్లె. మన ముత్తాతల కాలంలో తండా అంటే సరుకు మోసే ఎద్దుల మందలతో కలిసి నడిచే కుటుంబాల గుంపు. సముద్ర తీరం నుంచి ఉప్పు లోపలి ఊళ్లకు, ఒక సీమ ధాన్యం మరో సీమకు వీరి ఎద్దుల మీదే చేరేవి. 1791లో కారన్‌వాలిస్ సైన్యం పలమనేరు దగ్గరి మొగిలి కనుమ ఎక్కి టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లింది. ఆ యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి ధాన్యం చేరవేసిన వారిలో బంజారాలు ముఖ్యులు. ఒక ఎద్దు మోసేది ఒక పెరికెడు గింజలే. కానీ తండాలు కలిస్తే ఒక సైన్యానికి తిండి దొరికింది.

తర్వాత రైళ్లు, బండ్ల బాటలు వచ్చాయి. ఎద్దుల వ్యాపారం పడిపోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం సంచార జాతుల మీద అనుమానపు ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం రద్దయ్యే నాటికి చాలామంది బతుకుతెరువు మారిపోయింది. సుగాలీలు, ఎరుకలవారు, యానాదులు ఎక్కడికక్కడ చిన్న చిన్న పల్లెలుగా మిగిలారు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ ప్రాంతాలన్నీ ఉత్తరాంధ్ర, గోదావరి వైపే ఉన్నాయి. మన వైపు అది లేదు. కాబట్టి చెదిరి ఉన్న మన పల్లెలు ఒకదానికొకటి ఆసరా కావడం ఇక్కడ మరింత అవసరం.

చిన్న పల్లెలు కలిస్తే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ఇదే కురబలకోట మండలంలో రిషివ్యాలీ ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన విద్యాసంస్థ అది. 1980ల నుంచి వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం ద్వారా చుట్టుపక్కల పల్లెల్లో ఉపగ్రహ పాఠశాలలు నడిపారు. ఒక్కో బడికి ఒక్కరే టీచరు. అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటారు. అలాంటి చోట పాఠాలు ఎలా చెప్పాలి?

వాళ్లు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు తయారు చేశారు. గోడ మీద ఒక నిచ్చెన పటం ఉంటుంది. తాను ఏ మెట్టు మీద ఉన్నానో పిల్లకే తెలుస్తుంది. అమ్మానాన్నలతో పనులకు వలస పోయి రెండు నెలలకు తిరిగొచ్చిన పిల్ల, తాను వదిలిన కార్డు దగ్గరే మళ్లీ మొదలుపెట్టవచ్చు. మన తండాల్లో వలస అంటే ఏమిటో ఎరిగిన వారికి ఈ ఒక్క మాట విలువ తెలుస్తుంది.

ఇక్కడి పని ఇక్కడే ఆగలేదు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో ‘నలి కలి’ మొదలైంది. జేను కురుబల వంటి గిరిజనులు ఉండే అడవి అంచు తాలూకా అది. అక్కడి ఉపాధ్యాయులు రిషివ్యాలీకి వచ్చి పద్ధతి చూసి వెళ్లారు. కార్డులను మాత్రం తమ కన్నడంలో, తమ పాటలతో, తమ ఆటలతో తామే రాసుకున్నారు. తర్వాత అది కర్ణాటక అంతటా పాకింది. 2003లో చెన్నై నగరపాలక బడులు ఇదే దారి పట్టాయి. అక్కడి నుంచి తమిళనాడు ప్రభుత్వ బడులన్నిటికీ చేరింది. పల్లె బడుల్లో పుట్టిన పద్ధతి రెండు పొరుగు రాష్ట్రాలకు పనికొచ్చింది. దాన్ని దాచుకోకపోవడం ఒక కారణం. తీసుకున్నవాళ్లు తమ భాషలో తిరగరాసుకోవడం రెండో కారణం.

కుప్పంలోనూ ఇలాంటి సంగతే ఉంది. మూడు రాష్ట్రాలు కలిసే ఆ చోట 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ స్థాపించినా తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు కూడా చేయి కలిపాయి. జానపద, గిరిజన అధ్యయనాలకు అక్కడ చోటుంది. మన గోర్ బోలీ పాటలకు, కథలకు పని పెట్టగలిగిన చోటు మన గుమ్మం దగ్గరే ఉందన్నమాట.

ఇప్పుడు మన సంగతి. ఒక తండాలో సామాజిక భవనం ఉంటుంది, అందులో పుస్తకాలుండవు. మరో తండాలో చదువుకున్న పిల్లలుంటారు, కూర్చునే చోటుండదు. ఇంకో చోట తీజ్ పాటలన్నీ వచ్చిన అవ్వ ఉంటుంది, రాసుకునేవాళ్లు ఉండరు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తండాల యువత ముందు ఒక్క కాగితం తీసుకోండి. ఒక వైపు మా తండా ఇవ్వగలిగింది ఏమిటో, రెండో వైపు మాకు కావలసింది ఏమిటో రాయండి. మీ నాయక్‌కు, పెద్దలకు చూపించి పక్క తండాకు పంపండి. వాళ్లు కూడా రాసి తిరిగి పంపితే పని మొదలైనట్టే.