సిచ్లిడ్ల పెంపకం

సిచ్లిడ్లు ప్రధానంగా ఆఫ్రికా, దక్షిణ, మధ్య అమెరికాల మంచినీటి చేపలు. 1,600కు పైగా జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇళ్ల అక్వేరియంలలో కనిపించే ఏంజెల్, ఆస్కార్, డిస్కస్ ఈ కుటుంబానివే. మన చేపల బజారులో జిలేబీ పేరుతో అమ్మే తిలాపియా కూడా సిచ్లిడే.

నీటిని బట్టి చేపను ఎంచుకోవడం తేలిక. హైదరాబాద్ శివార్లలోని దూలపల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలది గ్రానైట్ నేల. బోరు నీరు చాలాచోట్ల కఠినంగానే ఉంటుంది. ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలకు 7.8 నుంచి 8.6 పీహెచ్ గల కఠిన జలమే నప్పుతుంది. డిస్కస్‌కు మాత్రం కాస్త ఆమ్లగుణమున్న మెత్తటి నీరు కావాలి కాబట్టి ఆర్వో నీరు కలపాల్సి వస్తుంది. కుళాయి నీరైతే ముందుగా క్లోరిన్ పోగొట్టాలి.

కొత్త తొట్టిలో వెంటనే చేపలు వేయకూడదు. చేపల విసర్జితాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఉష్ణోగ్రత 24–28 డిగ్రీలుండాలి. చలికాలపు రాత్రుల్లో హీటరు తప్పదు; డిస్కస్‌కు ఇంకాస్త వెచ్చదనం అవసరం.

సిచ్లిడ్లకు హద్దుల పట్టింపు ఎక్కువ. రాళ్లతో గుహలు అమర్చితే కొట్లాటలు తగ్గుతాయి. ఆస్కార్ అడుగు పొడవు పెరుగుతుంది. చిన్న తొట్టి చాలదు. మలావి జాతుల్లో చాలావాటి ఆడచేపలు గుడ్లను నోట్లోనే పొదుగుతాయి.

1952లో భారత్‌కు తెచ్చిన మొజాంబిక్ తిలాపియా చెరువుల్లో విపరీతంగా పెరిగి స్థానిక చేపలకు పోటీగా మారింది. అందుకే పెంచలేని సిచ్లిడ్లను చెరువులో వదలకండి. దుకాణదారుకో మరో పెంపకందారుకో ఇవ్వండి.