బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్: రిజల్ట్స్ దాకా ఆగితే జామ్ మిస్సే

బీఎస్సీ ఫిజిక్స్ విద్యార్థులు చాలామంది డిగ్రీ రిజల్ట్స్ వచ్చాకే ఎమ్మెస్సీ గురించి ఆలోచిస్తారు. అప్పటికి జామ్ పరీక్ష అయిపోయి ఉంటుంది. ఐఐటీలు, పలు ఎన్‌ఐటీల్లో ఎమ్మెస్సీ సీట్ల కోసం రాసే ఈ పరీక్ష సాధారణంగా ఫిబ్రవరిలో జరుగుతుంది. దరఖాస్తులు అంతకుముందు సెప్టెంబర్ ప్రాంతంలోనే మొదలవుతాయి. ఫైనలియర్ చదువుతున్నవారూ రాయొచ్చు, వయోపరిమితి లేదు.

3 గంటల్లో 60 ప్రశ్నలు, మొత్తం 100 మార్కులు. మెకానిక్స్, థర్మోడైనమిక్స్ మొదలుకొని మోడ్రన్ ఫిజిక్స్, సాలిడ్ స్టేట్ దాకా అడుగుతారు. 20 ప్రశ్నలకు ఆప్షన్లు ఉండవు, జవాబు అంకెల్లో ఇవ్వాలి. వీటికి నెగెటివ్ మార్కులు లేవు.

పేపర్ ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు, ఉర్దూ మీడియంలో చదివినవారు ఇంగ్లీషు పదాలను ముందునుంచే అలవాటు చేసుకోవాలి.

జామ్‌లో సీటు రాకపోయినా ఉస్మానియా తదితర తెలంగాణ వర్సిటీలకు సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ వర్సిటీకి సీయూఈటీ పీజీ ఉన్నాయి.