తెరమీది గవర్నరు, చరిత్రలోని పాలకుడు

‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలో గవర్నరు స్కాట్‌గా మీరు చూసినది రే స్టీవెన్‌సన్ అనే బ్రిటిష్ నటుడిని. ఆయన 1964లో ఉత్తర ఐర్లండ్‌లోని లిస్బర్న్‌లో జన్మించారు. బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో శిక్షణ పొందారు. ‘రోమ్’ టీవీ ధారావాహిక (2005–07)లో టైటస్ పుల్లో అనే సైనికుడి పాత్రతో పేరు తెచ్చుకున్నారు. ‘ఆర్ఆర్ఆర్’ 2022లో విడుదలైంది. మరుసటి ఏడాది మే 21న ఆయన ఇటలీలో మరణించారు.

1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రంలో రూథర్‌ఫర్డ్ పాత్రను మన కొంగర జగ్గయ్య ధరించారు. రూథర్‌ఫర్డ్ నిజంగా ఉన్న అధికారి. స్కాట్ కల్పిత పాత్ర. కాబట్టి బ్రిటిష్ నటుడు పోషించినంత మాత్రాన పాత్ర చారిత్రకం కాదు.

శంషాబాద్ పరిసరాల విద్యార్థులు ఈ తేడాను ముఖ్యంగా గమనించాలి. నేడు విమానాశ్రయం ఉన్న ఈ ప్రాంతం 1948 వరకు నిజాం రాజ్యంలోనిది. ఇక్కడ బ్రిటిష్ గవర్నరు పాలించలేదు. 1947 వరకు హైదరాబాదులో రెసిడెంటు ఉండేవాడు. అల్లూరి మద్రాసు ప్రెసిడెన్సీలో బ్రిటిష్ ప్రభుత్వంపై పోరాడి 1924లో అమరుడయ్యారు. కొమురం భీం పోరాడినది నిజాం ప్రభుత్వంతో. ఆయన 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగారు. చిత్రం ఈ ఇద్దరినీ ఒకే గవర్నరుకు ఎదురు నిలిపింది. ఆ కథను కథగా ఆస్వాదించండి. జవాబు పత్రంలో మాత్రం భీం ఎదిరించిన పాలకుడు నిజాం అనే రాయండి.