కౌసైన్: రెండు విల్లుల హిసాబ్

తెలుగు వాచకంలో కుండలీకరణాలు. పిల్లల నోట బ్రాకెట్లు. ఉర్దూ మీడియంలో చదివిన మాకు కౌసైన్. అరబీలో కౌస్ అంటే విల్లు, కౌసైన్ అంటే రెండు విల్లులు. వాటి మధ్య ఉన్నదాన్ని ముందు తేల్చాలి. మిగతా హిసాబ్ ఆ తర్వాతే.

తమాషా ఏమిటంటే, అల్జీబ్రాకు ఆ పేరు తెచ్చిన కితాబ్‌లో ఈ విల్లులు లేవు. 9వ శతాబ్దం మొదట్లో, ఖలీఫా మామూన్ జమానాలో, బగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ దాన్ని రాశారు. అంకెలు సహా అంతా లఫ్జుల్లోనే. అందులో పెద్ద భాగం వసియ్యత్, విరాసత్ లెక్కలదే. ‘కర్జ్ తీర్చాక మిగిలినదాంట్లో ఎనిమిదో వంతు’ అని మాటల్లో చెబితే ఏది ముందో, ఏది వెనకో తెలిసిపోతుంది. కౌసైన్ జరూరత్ లేదు.

12వ శతాబ్దంలో మగ్రిబ్‌కు చెందిన అల్ హస్సార్ భిన్నాలకు అడ్డ లకీర్ వాడారు. 1202లో ఇటలీవాడైన ఫిబొనాచీ కూడా తన కితాబ్‌లో దాన్నే వాడాడు. 1556లో టార్టాలియా పుస్తకంలో గుండ్రటి కౌసైన్ అచ్చయ్యాయి. 1637లో డెకార్ట్ మాత్రం పదాల నెత్తిన గీత గీసి కలిపాడు. ఇలా చాలాకాలం లకీర్, కౌసైన్ రెండూ నడిచాయి.

1957లో ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాష వచ్చింది. లెక్కంతా ఒకే వరసలో కొట్టాలి. లకీర్‌కు పైనా కిందా పోయి, ఏటవాలు గీత మిగిలింది. గుంపు కట్టే పనంతా కౌసైన్ మీద పడింది. మన ఫోన్‌లోనూ అదే ఖాయిదా.

ఒక మిసాల్ చూడండి. తర్కా 12,00,000, కర్జ్ 4,00,000. వారసులు బేవా, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మాత్రమే. బేవా హిస్సా ఎనిమిదో వంతు:

(1200000-400000)/8 = 1,00,000

కౌసైన్ వదిలేస్తే ఫోన్ భాగహారం ముందు చేసి 11,50,000 చూపిస్తుంది. ఈ గలతీ ఎవరికైనా కనిపిస్తుంది. మిగిలిన 7,00,000లో కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి. కూతురి హిస్సా:

700000/(2+2+1) = 1,40,000

ఇక్కడ కౌసైన్ మరిస్తే 3,50,003 వస్తుంది. చూడ్డానికి నిజమైన హిస్సాలాగే ఉంటుంది! మెషీన్ ఏ ఫిర్యాదూ చేయదు. అడిగిందానికి సహీ జవాబే ఇచ్చింది మరి. సవాల్ తప్పు.

అందుకే లెక్క కొట్టే ముందు దాన్ని ఒకసారి నోటితో చెప్పుకోండి. ‘మిగిలినదాంట్లో’, ‘అన్నీ కలిపి’ అన్న మాట వచ్చిన చోటల్లా రెండు విల్లులు నిలబెట్టండి. ఒకరి హక్ వాటి మధ్యే ఉంటుంది.